ఖేచరుని భూయాత్ర

సోమాజిగూడలో మనుష్యజాతుల వైవిధ్యమునకు కొదువ లేదు. ఎక్స్‌రే కవరులు చంకనిడికొని ఆసుపత్రి లిఫ్టుకొరకు నిలుచు బంధుకోటియు, ప్రెస్‌క్లబ్బు మెట్లమీద తమ వంతు వచ్చువరకు ఖండనప్రకటనలను నెమరువేయు నాయకగణమును, రాజభవన్ రోడ్డున పెద్దల వాహనశ్రేణి సాగిపోవువరకు ఇంజనులాపి క్షణకాలము వేదాంతులైపోవు ద్విచక్రవాహనారూఢులును, అమీరుపేట శిక్షణాలయములనుండి పంజగుట్టవైపు వెల్లువెత్తి వచ్చు కంప్యూటరు విద్యార్థులును మనకు నిత్యపరిచితులే గనుక వారినిగూర్చి వ్రాయబూనుట వృథాప్రయాస. నేనిచట పరిచయము చేయదలచినవాడు వీరందరికంటె విరళుడు. తెల్లవారుజామున, ఇంకను వీథిదీపములార్పకమునుపే, నల్లకళ్ళద్దములను నుదుటిమీదికి నెట్టికొని, హెడ్‌సెట్టు సంచి భుజమున తగిలించుకొని, వచ్చిన ప్రతి ఆటోకును చేయెత్తి, అది ఆగకుండ పోగా ఎత్తిన చేతితోనే తల సవరించుకొను నడివయసు పెద్దమనిషి మీకెప్పుడైన కనబడినచో, ఆయనయే నా కథానాయకుడని గ్రహింపుడు. ఆయన ఖేచరుడు, అనగా విమానమును తానై నడుపువాడు. ఆకాశమున ఆయనకు అడ్డము లేదు. ఆయన కష్టమంతయు నేలమీదనే.

కాలనీవారు ఇతనిని కెప్టెన్‌గారని పిలుతురు. శాస్త్రప్రకారము ఇతడు కెప్టెను కాడు. పదునేడేండ్లు నిండి, పదవ తరగతి గట్టెక్కి, వైద్యపరీక్షలో నిలిచి, కనీసము 40 గంటలు గాలిలో గడపి, పౌరవిమానయాన డైరెక్టరేటువారి పరీక్షలు నెగ్గినవారికి లభించు ప్రైవేటు పైలటు లైసెన్సు మాత్రమే ఇతనియొద్ద కలదు. దానితో విమానము నడపవచ్చును గాని, నడిపినందులకు ఎవరియొద్దను కూలి పుచ్చుకొనరాదు. ఎక్కినవాడు బలవంతముగా జేబులో కుక్కినను తీసి తిరిగి ఇయ్యవలసినదే. ఇట్లు కూలి అడుగ నోరులేని సారథియై, పదిమందిని ఆకాశమున ఉచితముగ త్రిప్పి తెచ్చినవాడు, నేలమీద పదిమంది వాహనములలో తానును ఉచితముగ తిరుగవలెనని కోరుటలో అధర్మమేమున్నదని ఇతని వాదము. వాదములో బలము లేకపోలేదు. కాని ఆటోవాడు తర్కశాస్త్రము చదివినవాడు కాడు.

ఈ రోగము ఇతనికి అంటినది టెక్సాసులో. డాలసు ప్రాంతమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న కాలమున, తక్కిన తెలుగువారు శనివారములందు గుడికిని, ఆదివారములందు తెలుగు సంఘముల వనభోజనములకును పోవుచుండగా, ఇతడు మాత్రము రెక్కలు నెత్తిమీదుగా సాగిన సెస్నా విమానములో కూర్చుండి పొలములమీద చక్కర్లు కొట్టెను. అమెరికాలో ఎవరైనను వచ్చి దిగగల చిన్న పెద్ద విమానాశ్రయములు సుమారు 5,000 కలవు. వానిలో అత్యధికము ఊరి వెలుపల, మొక్కజొన్న చేలమధ్య, కావలివాడు సైతము కనబడని బయళ్ళు. అట్టి చోట దిగినవాడు ఊరిలోనికి పోవు విధమెట్లు? దానికి ఆ దేశమువారు కనిపెట్టిన ఉపాయము కర్టెసీ కారు. విమానాశ్రయపు గదిలో మేకునకు తాళపుచెవి వ్రేలాడుచుండును. ప్రక్కనే ఒక నోటుపుస్తకముండును. వచ్చిన పైలటు తన పేరును, బయలుదేరిన వేళను దానిలో వ్రాసి, తాళపుచెవి తీసికొని, వెలుపల ఎండలో నిలిచియున్న ముసలి కారును నడుపుకొని ఊరిలోనికి పోయి, పని చూచుకొని, తిరుగుదారిలో పెట్రోలు పోయించి, చెవిని మరల మేకునకు తగిలించును. అద్దె లేదు, పూచీకత్తు లేదు, పూచీపడు పెద్దమనిషియు అక్కరలేదు. కారు అందగాడని చెప్పజాలము. అనేకచోట్ల అది పోలీసువారు వాడి విడిచిన ఫోర్డు క్రౌన్ విక్టోరియా. తలుపొకటి తెరచుకొనదు, తెరచుకొన్నది మూసికొనదు, శీతలయంత్రము వేడిగాలిని మాత్రమే నిష్పక్షపాతముగ ప్రసాదించును. అయినను ఆ కారును తలచుకొన్నప్పుడెల్ల మన ఖేచరుని కంఠము గద్గదమగును.

అచ్చటి పైలట్లలో నూరుడాలర్ల హాంబర్గరు అను సంప్రదాయమొకటి కలదు. ఏ పనియు లేని సెలవునాడు, ఊరకయే ఎగురుట బాగుండదని, పొరుగూరి విమానాశ్రయమునకు పోయి హాంబర్గరు తిని వత్తురు. తిండి వెల స్వల్పమే, ఇంధనమును అద్దెయు కలిసి నూరుడాలర్లకు తేల్చును. ఇప్పుడు నూరుతో తేలునట్టి రోజులును పోయినవట. స్వదేశమునకు మరలి సోమాజిగూడలో ఇల్లు కొనుక్కొన్న పిదప, లైసెన్సును ఈ దేశపు పద్ధతికి మార్పించుకొని, మన ఖేచరుడు ఆ సంప్రదాయమును తెలుగుదేశమున ప్రతిష్ఠింప సంకల్పించెను. హాంబర్గరునకు బదులుగా ఆయన ఎన్నుకొన్నది కర్నూలు ఉగ్గాని బజ్జీ. ఎంపికను నేను హృదయపూర్వకముగ సమర్థింతును. నానబెట్టిన బొరుగులకు తాళింపు తగిలించి, ప్రక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చు ఆ ఫలాహారముకొరకు మనుష్యుడు ఎగురుట న్యాయమే.

ఇక ప్రయాణము వినుడు. సోమాజిగూడ మేడలమీదినుండి చూచిన బేగంపేట విమానాశ్రయము చేయిచాచిన అందునట్లుండును. 1930 ప్రాంతముల నిజాము కాలమున మొదలై, 2008 మార్చిలో ప్రయాణికుల విమానములన్నియు శంషాబాదునకు తరలువరకు, ఈ పేటవాడు పెట్టె చేతబట్టి నడచి పోయి విమానమెక్కదగిన అదృష్టవంతుడు. ఇప్పుడా సుదీర్ఘమైన రన్‌వే ప్రముఖుల రాకపోకలకును, సైనికావసరములకును, శిక్షణకును, అప్పుడప్పుడు జరుగు వింగ్స్ ఇండియా ప్రదర్శనకును ఉపయోగపడుచున్నది. కాని మన ఖేచరుడు గంటలలెక్కను అద్దెకు తెచ్చుకొను సెస్నా ఉండునది నగరమునకు ఆగ్నేయమున, నాదర్‌గుల్ మైదానమున. కనుక ప్రక్కనున్న ఆకాశమును విడిచి, ఆటో దొరకనందున ఎర్రమంజిల్ స్టేషనులో మెట్రో ఎక్కి, ఎల్బీనగరులో దిగి, అచటినుండి షేరాటోలో నలుగురి మోకాళ్ళమధ్య హెడ్‌సెట్టును పసిబిడ్డవలె ఒడిలో నిడికొని, కర్మన్‌ఘాటు ఆంజనేయునకు దూరమునుండియే నమస్కరించి, బడంగ్‌పేట దాటి, దుమ్ము దులుపుకొని గమ్యము చేరును. వాయుపుత్రునకు ఇంతటి నమ్మకస్తుడైన భక్తుడు మరొకడుండడు.

తరువాత అనుమతుల ఘట్టము. ఎక్కడినుండి ఎక్కడికి పోవునది ముందుగా తెలుపవలెను, రక్షణశాఖవారి ఏ.డి.సి. సంఖ్య కావలెను, విమానయాన సమాచారకేంద్రమువారి ఎఫ్.ఐ.సి. సంఖ్య కావలెను, దిగవలసినచోటి వారి సమ్మతి కావలెను. ఇంధనమును గాజుగొట్టములో పట్టి వెలుతురునకెత్తి చూచి, రెక్కలు తడిమి, చక్రములు తన్ని, అంతయు సరియని రూఢిచేసికొని ఎగిరినపిదప, కర్నూలు సమీపముననున్న ఓర్వకల్లు చేరుటకు పట్టునది గంటకు అటునిటు. ఆ గంటసేపును మన ఖేచరుడు చక్రవర్తి. క్రింద తుంగభద్ర వెండిగీతయై మెరయును. జాతీయ రహదారిపై బారులుతీరిన లారీలను చూచి ఆయన జాలిపడును. ఆ లారీలవెనుకనే, ఆయనతోపాటు తెల్లవారుజామున సోమాజిగూడలో బయలుదేరిన పొరుగింటి వకీలుగారి కారు సాగిపోవుచుండును. ఆ వకీలుగారు అప్పటికే జడ్చర్లలో కాఫీ త్రాగియున్నారని ఆయనకు తెలియదు.

ఓర్వకల్లు విమానాశ్రయము 2021 మార్చిలో ప్రారంభమైనది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట వెలసినది. కర్నూలునకు ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల దూరమున, నంద్యాల పోవు దారిలో, రాళ్ళగుట్టల నడుమనున్నది. మన ఖేచరుడు సుతిమెత్తగ దిగి, విమానమును కట్టివేసి, కాగితములు చూపి, కళ్ళద్దములు పెట్టుకొని, ద్వారము వెలుపలకు వచ్చి నిలుచును. అచటినుండి ఆయన సామ్రాజ్యము ముగిసినది. ఎదుట మనుష్యసంచారములేని విశాలమైన కారుల స్థలము, ఆవల ఎండ. సెల్‌ఫోనులోని టాక్సీ యాప్ చిన్న గుండ్రము త్రిప్పి త్రిప్పి, దగ్గరలో వాహనములు లేవని సవినయముగ విన్నవించును.

ఇందులో ఎవరి తప్పును లేదు. ఉడాన్ పథకము మొదలైనప్పటినుండి, 2017 ఏప్రిలులో కడప హైదరాబాదుల నడుమ విమానము నడచిన నాటినుండి, చిన్న ఊళ్ళ విమానాశ్రయములకు కొంత కళ వచ్చినమాట వాస్తవమే. అయితే అట్టిచోట టాక్సీవాడు విమానపు పట్టిక చూచి వచ్చును. పట్టికలోని విమానము దిగు వేళకు నాలుగు కారులు ప్రత్యక్షమగును, ప్రయాణికులతో నాలుగును అంతర్ధానమగును. రోజంతయు ఖాళీ స్థలమున కాచుకొని కూర్చుండుటకు అతనికేమి పని? మన ఖేచరుడు ఏ పట్టికలోను లేని వేళకు దిగును. నలుబదిమందికొరకు వచ్చు వాహనము ఒక్కనికొరకు రాదు. ఆ ఒక్కడు మెడలో హెడ్‌సెట్టు వేసికొని నిలుచున్నను రాదు.

ఎట్టకేలకు రహదారివరకు నడచివచ్చి చేయెత్తగా ఒక ఆటో ఆగును.

“ఈ టయానికి ఇమానం ఏదీ లేదే సార్, యాడినుంచి వచ్చినారు?”

“నా విమానంలోనే వచ్చాను.”

ఆటోవాడు ఆపాదమస్తకము పరీక్షించి, “సొంత ఇమానముండాది, కారు లేదా సార్?” అనును.

ఈ ప్రశ్నకు పౌరవిమానయాన డైరెక్టరేటువారి ఏ పాఠ్యగ్రంథమునను సమాధానము లేదు. కొన్నిసార్లు ఆటోయు దొరకదు. అప్పుడు పల్లెవెలుగు బస్సే గతి. ఆకాశమునుండి దిగివచ్చినవాడు కూరగాయల గంపల నడుమ కడ్డీ పట్టుకొని నిలిచి, కండక్టరునకు చిల్లర లేదని చెప్పి, మాటలు పడి, కర్నూలు చేరునప్పటికి పది దాటును. ఉగ్గాని కడాయి కడిగి బోర్లించియుందురు. అంగడి ఎదుట బల్లమీద వకీలుగారు పత్రిక చదువుచు, బజ్జీ తిన్న వ్రేళ్ళను కాగితమునకు తుడుచుకొనుచు, “రండి కెప్టెన్‌గారూ, టీ అయినా తాగుదురు గాని!” అని ఆహ్వానింతురు.

ఇట్టి అనుభవములు సామాన్యునకు వైరాగ్యము కలిగించును. మన ఖేచరునకు బంధుప్రీతి కలిగించినవి. నేనీ వ్యక్తిచిత్రము వ్రాయబూనుటకు కారణమిదియే. ఒకప్పుడు ఇతడు ఎవరి పెండ్లికిని పోయెడివాడు కాడు, ఎవరి క్షేమమును అడిగెడివాడు కాడు. అమెరికానుండి వచ్చినవానికి గర్వమెక్కువని చుట్టములు చెప్పుకొనెడివారు. ఇప్పుడో, రాయలసీమనుండి కోనసీమవరకు ఏ ఊరిలో ఎవరి తోడల్లుడున్నాడో, ఎవరి మేనత్త కొడుకున్నాడో, వంశవృక్షమంతయు ఇతనికి కరతలామలకము. ఉదయమే పొరుగువారికి ఫోను చేయును:

“అన్నయ్యగారూ, మీ తోడల్లుడుగారు ఇంకా కర్నూల్లోనే ఉన్నారా? ఒంట్లో ఎట్లా ఉంది? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పాపం. కారు ఆయనే నడుపుతున్నారా, లేక డ్రైవరుంటాడా?”

మోకాళ్ళనొప్పిపై చూపిన కరుణ అబద్ధము కాదు. నొప్పి తగ్గనిచో కారు విమానాశ్రయమువరకు రాదు గనుక ఆ కరుణ మిక్కిలి నిజమైనది. ఇతనియొద్ద ఒక నోటుపుస్తకము కలదు. ఇతర పైలట్లు రన్‌వే పొడవును, గాలివాలును, రేడియో సంఖ్యలను వ్రాసికొను పుటలలో ఇతని వ్రాతలు వేరు. గన్నవరము: గేటు ముందే జాతీయ రహదారి, బస్సులకు లోటులేదు, ఎవరిని బ్రతిమాలనక్కరలేదు. పుట్టపర్తి: 1990లో సత్యసాయి ట్రస్టువారు కట్టించినది, ఊరు చేరువ, చల్లని వేళ నడువవచ్చును. మధురపూడి: రాజమండ్రి దూరము, మేనత్త మనుమడు, మోటారుసైకిలు, వెనుక సీటు గట్టిది. కడప: పెదనాన్నగారి అల్లుడు, జీపు, మాటకారి, గంట ముందుగా బయలుదేరవలెను. ఇటువంటి గ్రంథము దేశమున మరియొకటి లేదని నా నమ్మకము. అచ్చువేయింపుమని నేనొకసారి ప్రోత్సహించితిని గాని, అందరికిని తెలిసినచో తన బంధువుల కారులలో ఇతరులెక్కుదురని భయపడి ఆయన అంగీకరింపలేదు.

వాహనదాతలతో చిక్కొకటి కలదు. మన సంప్రదాయములో కారు పంపినవానికి అన్నము పెట్టు హక్కు దానంతట అదే సంక్రమించును. కర్నూలు తోడల్లుడుగారు కారు ఇచ్చి ఊరకుండు మనిషి కారు. రాగిసంకటి, నాటుకోడి పులుసు, ఆపైన పెరుగన్నము, ఆపైన కొండారెడ్డి బురుజు దర్శనము, ఆపైన వారి అమ్మాయికి టెక్సాసు సంబంధమేదైన చూడరాదా యను ప్రస్తావన. ఇక్కడ సూర్యభగవానుడు ప్రవేశించును. కంటికి నేల కనబడుచుండగా ఎగురవలసిన చిన్న విమానములకు మన దేశమున రాత్రివేళ ఆకాశము నిషిద్ధము. సూర్యాస్తమయమునకు ముందే ఇల్లు చేరవలెను. కనుక పులుసు గిన్నె వచ్చినప్పుడెల్ల మన ఖేచరుడు కిటికీవైపు చూచును. “ఎండ అట్లనే ఉండాది గదన్నా, ఇంగొంచెం ఏసుకో!” అని తోడల్లుడుగారు బలవంతపెట్టుదురు. ఎండ ఉన్నమాట నిజమే. అది హైదరాబాదువరకు ఉండవలెనన్న సంగతి వారికెట్లు చెప్పుట?

ఒకానొక దినమున చెప్పలేకపోయెను. పెరుగన్నము ముగియునప్పటికి ప్రొద్దు గుట్టల వెనుకకు దిగినది. విమానమును ఓర్వకల్లులోనే కట్టియుంచి, మన ఖేచరుడు రాత్రి బస్సెక్కి, అర్ధరాత్రి మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో దిగి, ఇల్లు చేరి, తెల్లవారగనే మరల బస్సెక్కి విమానమును తెచ్చుకొనుటకు కర్నూలు పోయెను. విమానముపై పోవుటకు బదులు బస్సులో పోవువారిని మనమెరుగుదుము. విమానమును తెచ్చుకొనుటకై బస్సులో పోవు మహానుభావుని సోమాజిగూడయే కన్నది.

“రైల్లో పోతే స్టేషను ఊళ్ళోనే ఉంటుంది కదండీ” అని ఆయన భార్య ఆనాడు శాంతముగ అన్నదట. ఆ ఇల్లాలి మితభాషిత్వమును నేను గౌరవింతును. మధ్యలో ఆయన మడతపడు సైకిలును కూడ కొనెను. విమానములో పెట్టి తీసికొనిపోయి, దిగినచోట విప్పి తొక్కుకొని పోవచ్చునని ఆలోచన. ఆలోచన మంచిదే, ఐరోపాలో ఇట్లు చేయువారు కలరు. కాని సెస్నా 172 వెనుకభాగమున సామానునకు అనుమతించిన బరువు 54 కిలోలు. భార్యను వెంటబెట్టుకొని పోవునప్పుడు సైకిలో, ఆమె పెట్టెయో, రెంటిలో నొకటి దిగవలసివచ్చెను. సైకిలు దిగెను. ఇప్పుడది వారి బాల్కనీలో తడిబట్టలు మోయుచున్నది. ఒంటరిగ పోయినప్పుడైన తొక్కునాయన్నచో, ఓర్వకల్లు ఎండలో ఇరువది కిలోమీటర్లు తొక్కుట యువకుల పనియని, ఆ వయసు దాటినదని తానే ఒప్పుకొనును.

ఎవరైన ఎగతాళి చేసినచో ఆయన శరణుజొచ్చు శాస్త్రప్రమాణమొకటి కలదు. ఈ దేశమున మొట్టమొదటి పైలటు లైసెన్సును 1929లో పొందిన జె.ఆర్.డి. టాటాగారు 1932 అక్టోబరు 15న కరాచీనుండి ఉత్తరముల సంచులతో బయలుదేరి బొంబాయి వచ్చుచు మధ్యలో అహమ్మదాబాదున దిగినపుడు, వారి విమానమునకు బర్మా షెల్ వారు పెట్రోలు డబ్బాలను తెచ్చినది ఎడ్లబండిమీద. “చూడండి! భారతదేశపు వాణిజ్య విమానయానమే ఎడ్లబండితో మొదలైంది. నాకు పల్లెవెలుగు దొరికింది. ఎంత ప్రగతి!” అని ఆయన ఛాతీ విరుచును. టాటాగారు ఎడ్లబండి ఎక్కి ఊరిలోనికి పోలేదని నేను గుర్తుచేయబోయితిని గాని, ఆయన ముఖముననున్న వెలుగు చూచి మానుకొంటిని.

ఈ మధ్య ఓర్వకల్లు యాత్రలు తగ్గినవి. కర్నూలు తోడల్లుడుగారు కారమ్మివేసి కుమారునియొద్దకు బెంగుళూరు పోయిరని తెలిసినది. నోటుపుస్తకములో ఆ పుటకు అడ్డముగ గీత పడినది. దాని స్థానమున క్రొత్త పుటయొకటి తెరచుకొన్నది. వరంగల్లువద్ద నిజాము కాలమునాటి మామునూరు విమానాశ్రయమును పునరుద్ధరించుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్రమువారి అనుమతి లభించినది గదా. ఇంకను అచట విమానము దిగు సందర్భము రాలేదు. అయినను మొన్న సాయంకాలము కపాడియా లేనులో ఎదురుపడి, మన ఖేచరుడు నా చేయి పట్టుకొని అతి మృదువుగ ప్రశ్నించెను:

“మీ వియ్యంకులది హనుమకొండే కదండీ? కులాసాగా ఉన్నారా?”

“ఉన్నారండీ.”

“కారుందా?”

“లేదు. స్కూటరుంది. అదీ పాతది.”

ఆయన జేబులోనుండి నోటుపుస్తకము తీసి, కలము మూత నోటకరచుకొని, ఆ స్కూటరును వ్రాసికొని, వెనుక సీటునకు పట్టుకొనుటకు కడ్డీ ఉన్నదా లేదా యని అడిగెను.